జవాను పట్టా, కౌలు రైతు చెమట
(నాదర్‌గుల్ రైతు సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన నాదర్‌గుల్, బాలాపూర్, బడంగ్‌పేట వైపు ఇవాళ పంటల మాట కంటే ప్లాట్ల మాటే ఎక్కువ. ఎకరాలు గజాలైపోతున్న ఈ చోట మాజీ సైనికులకిచ్చిన భూముల గురించి, వాటిని కౌలుకు దున్నేవాళ్ల గురించి మాట్లాడుకోవాలి.

దేశం కోసం పనిచేసి వచ్చిన జవానుకు భూమి ఇవ్వడాన్ని మనం ఎన్నడూ కాదనలేదు. కానీ పట్టా కాగితం చేతిలో పెడితేనే వ్యవసాయం నిలబడదు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఆస్ట్రేలియా ప్రభుత్వం వేలమంది సైనికులకు భూములు, అప్పులు ఇచ్చింది. చాలామంది అప్పుల పాలై భూమి వదిలిపోయారు. 1929లో జస్టిస్ పైక్ విచారణ చేసి కారణాలు చెప్పారు: పెట్టుబడి చాలలేదు, కమతాలు చిన్నవి, సాగులో అనుభవం లేదు, పంట ధర పడిపోయింది. ఇందులో మనకు తెలియనిది ఏముంది?

ఇక మన సంగతి. పేదలకిచ్చిన అసైన్డ్ భూమి అమ్మకం 1977 చట్టం ప్రకారం చెల్లదు. ఆ చట్టంలో బదిలీ అంటే అమ్మకమే కాదు, తాకట్టు, కౌలు కూడా. మాజీ సైనికుడు మాత్రం పట్టా వచ్చిన పదేళ్ల తర్వాత అమ్ముకోవచ్చని 1993లో జీవో 1117 వచ్చింది. కాగితం మీద హక్కు ఉంది. కానీ సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో ఉంటే రిజిస్ట్రేషన్ ఆగుతుంది. ఎన్‌ఓసీ కోసం తిరగలేని ముసలి జవాను, ఆయన భార్య చివరికి దళారి చెప్పిన ధరకే ఒప్పుకుంటారు.

సొంతంగా సాగు చేయలేనివాళ్లు కౌలుకిస్తారు. కాగితం రాస్తే భూమి పోతుందని 1950 కౌలుదారీ చట్టం నాటి భయం ఇంకా ఉంది. అందుకే అంతా నోటిమాటే. కౌలు ముందే కట్టాలి. పంట పోతే పరిహారం పట్టాదారు పేరున పోతుంది. 2018లో మొదలైన రైతుబంధు కూడా పట్టాదారుకే వెళ్లింది. నడి సీజన్లో భూమి చేతులు మారితే దున్నినవాడు ఎవరిని అడగాలి?

2011 భూ అధీకృత సాగుదారుల చట్టం కౌలు రైతుకు రుణ అర్హత కార్డు ఇమ్మంది. ఆ కార్డుతో భూమి మీద హక్కు రాదు. జవానుకు నష్టం లేదు, కౌలు రైతుకు బ్యాంకు గడప దొరుకుతుంది. అయినా అమలు లేదు.

అందుకే మన డిమాండ్లు ఇవి:

పదేళ్లు నిండిన జవాను పట్టాలను అధికారులే నిషేధిత జాబితా నుంచి తొలగించాలి.

కౌలు రైతుల కార్డులు ఊరూరా ఇవ్వాలి. సాయం, బీమా, పరిహారం సాగు చేసేవారికి అందాలి.

భూమి అమ్ముడైనా నిలబడ్డ పంట కోసుకునే హక్కు కౌలుదారుకు ఉండాలి.

కొత్తగా భూమి ఇస్తే నీళ్లు, దారి, పెట్టుబడి కలిపి ఇవ్వాలి.

జవాను, కౌలు రైతు ఒకరికొకరు శత్రువులు కారు. ఇద్దరినీ ఒకే దరఖాస్తు మీద సంతకం పెట్టించి తహసీల్దారు దగ్గరికి మనం తీసుకెళ్దాం. ఈ నెలలోనే మీ ఊళ్లో అలాంటి భూముల సర్వే నంబర్లు, పట్టా ఇచ్చిన సంవత్సరం, కౌలు వివరాలు రాసి సంఘానికి ఇవ్వండి.