విద్యార్థులు – బలము మాత్రలు
(సంఘ వార్షికోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



మన తఖత్‌పూరు పిల్లలు పెద్ద చదువులకై బిలాస్‌పూరు పోవుదురు. 1983లో స్థాపితమై, 2009లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయము అచ్చట కోనీయందు కలదు. ఇల్లు విడిచి హాస్టలులోనో అద్దె గదిలోనో చేరిన విద్యార్థి అలమారలో నేడు పుస్తకముల ప్రక్కన కండలు పెంచు ప్రోటీను పొడి, జుట్టు రాలకుండుటకని బయోటిన్ మాత్రలు, బలమునకని విటమిన్ సీసా తఱచుగా కనబడుచున్నవి. భోజనమునకు పంపిన పైకము వీనికి పోవుచున్నది. వీనిలో ఏది అవసరమో విచారించుట తల్లిదండ్రులమైన మన విధి.

విటమిను మాత్ర లోపమును పూరించుటకు పుట్టినది. ఈ సంగతి తెలుగువారికి ఒకరు చెప్పనక్కఱలేదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరు లిరువురిని స్ప్రూ వ్యాధి బలిగొన్నది. 1923లో అమెరికా వెళ్లిన ఆ మహనీయుడు లెడర్లీ ప్రయోగశాలలో తన బృందముతో 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారు చేయించిరి. స్ప్రూ రోగులకు అది ప్రాణాధారమైనది. ఆ ఆమ్లమునే ఇనుముతో కలిపి నేడు ప్రభుత్వము 10 మొదలు 19 ఏండ్లవారికి వారమునకొక మాత్ర చొప్పున ఉచితముగా ఇచ్చుచున్నది. ఉచితముగా వచ్చు ఆ మాత్రను పాఱవైచి, వేల రూపాయల డబ్బాను కొనుచున్న పిల్లలు కలరు.

ఇక ప్రోటీను పొడి మాట. 1918లో కూనూరున ఆరంభమై 1958లో హైదరాబాదు చేరిన జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారము, వయోజనునకు శరీరపు బరువు కిలో ఒక్కింటికి దినమునకు 0.83 గ్రాముల మాంసకృత్తులు చాలును. అనగా 60 కిలోల యువకునకు సుమారు 50 గ్రాములు. చెంచాడు పొడిలో సామాన్యముగా ఉండునవి సుమారు 25 గ్రాములు. రెండు కోడిగ్రుడ్లు, అర లీటరు పాలు అంతకు మించియే ఇచ్చును. శాకాహారులకు పప్పు, సెనగలు, వేరుసెనగలు, పెరుగు ఉన్నవి. కండలకై ఈ పొడులు వాడవలదని 2024 మే నెలలో ఆ సంస్థ తన మార్గదర్శకములలో చెప్పినది. కొన్ని పొడులలో చక్కెరయు, కృత్రిమమైన తీపియు కలియును. కండలు త్వరగా పెరుగునని అమ్ము సరకులో చీటీపై వ్రాయని స్టెరాయిడ్లు బయటపడుటయు కలదు. అవి కాలేయమును చెఱచును.

అయినను మాత్రలన్నియు వ్యర్థములని నా అభిప్రాయము కాదు. బి12 విటమిను శాకములలో లేదు. శాకాహారి విద్యార్థికి అరికాళ్లు తిమ్మిరెక్కుచున్నచో పరీక్షించి ఇచ్చిన మాత్ర నరములను కాపాడును. పరీక్ష లేక ఫోలిక్ ఆమ్లమును మాత్రమే మ్రింగినచో రక్తహీనత తగ్గినట్లు కనబడి, లోలోపల నరములు చెడుచుండును. బయోటిన్ వాడువారి థైరాయిడ్ పరీక్ష తప్పుగా రావచ్చును గనుక ఆ సంగతి ముందే వైద్యునకు తెలుపవలెను. డి విటమిను మితిమీరినచో రక్తమున కాల్షియము పెరిగి మూత్రపిండములకు హాని కలుగును.

ఈ ఛత్తీస్‌గఢ్ ప్రాంతమున మఱియొక జాగ్రత్త కావలెను. ఇచ్చట సికిల్ సెల్ వ్యాధి విస్తారముగా ఉన్నది. దాని నిర్మూలనకై 2023 జులై 1న జాతీయ ఉద్యమము ఆరంభమైనది. పాలిపోయిన పిల్లకు ఇనుము లోపమో, ఈ వ్యాధియో రక్తపరీక్ష వలననే తెలియును. ఇనుము లోపించనివారు ఇనుము మ్రింగుచుండినచో అది దేహమున పేరుకొని కీడు చేయగలదు. సికిల్ సెల్ రోగులకు వైద్యులు నిత్యము వాడుమని ఇచ్చునది ఆ ఫోలిక్ ఆమ్లమే.

మనము ఎచ్చటికి వచ్చినను మన తిండి మనకు దూరము కాలేదు. మన గోంగూర ఇచ్చట అమారీ భాజీ; మన చద్దన్నము ఇచ్చట బోరే బాసీ; మునగాకు ఇరువురి పెరడులలోను కలదు. అద్దె గదిలో ఉన్న పిల్లవానికి పప్పు వండుట, గ్రుడ్డు ఉడికించుట నేర్పి పంపుడు. భోజనమైన వెంటనే టీ త్రాగవలదని చెప్పుడు; అది ఇనుమును ఒంటబట్టనీయదు. నీరసమన్నచో దుకాణమునకు గాక వైద్యశాలకు పంపుడు. సెలవులకు వచ్చినపుడు మార్కుల కాగితముతో పాటు అలమారలోని సీసాలను గూర్చియు కోపము లేక అడుగుడు. దాచవలసిన పని లేదని తెలిసిన బిడ్డ నిజము చెప్పును.