మనీ ప్లాంట్‌లో ఏ రకం కొనాలి? ముందు మీ కిటికీ చూడండి

ఈ ఎపిసోడ్ మొత్తం మనీ ప్లాంట్ మీదనే. దానికి ఒక ఎపిసోడా అని నవ్వకండి. మా తమ్ముడు హైదరాబాద్‌లో రూమ్ తీసుకున్నడు. ఒకటే కిటికీ, ఎదురుగా పక్క బిల్డింగ్ గోడ. ఆన్‌లైన్‌లో ఫొటో చూసి 450 రూపాయలు పెట్టి మార్బుల్ క్వీన్ తెప్పించిండు. రెండు మూడు నెలల్లో కొత్త ఆకులన్నీ మామూలు పచ్చగా వచ్చినయి, ఉన్న తెల్ల ఆకులు ఎండి రాలిపోయినయి. "అక్కా, వేరే మొక్క అంటగట్టిన్రు" అన్నడు. మొక్క అదే. వాని రూమ్‌కు సరిపోయే రకం కాదు, అంతే.

ఆకులో తెల్లగా ఉన్న చోట పత్రహరితం ఉండదు. ఆ భాగం ఆహారం తయారు చేసుకోలేదు, పక్కనున్న పచ్చ భాగమే దాన్ని కూడా పోషించాలి. ఇంట్లో సంపాదించేది ఒక్కరు, తినేది పదిమంది ఉన్నట్టు. అందుకే తెలుపు ఎంత ఎక్కువుంటే వెలుతురు అంత ఎక్కువ కావాలి, ఎదుగుదల కూడా అంత నిదానం.

ఇప్పుడు రకాలకు వద్దాం. మన ఊర్లల్లో సీసాలో నీళ్లు పోసి పెట్టేది, పచ్చ మీద పసుపు మరకలుండేది గోల్డెన్. దీన్ని చులకనగా చూస్తరు గానీ, వెలుతురు తక్కువున్న ఇంటికి నా ఓటు దీనికే. మార్బుల్ క్వీన్, దాని నుంచే పుట్టిన ఎన్‌జాయ్ కిటికీ పక్కన ఉండాల్సినవి. నియాన్‌ది మొత్తం నిమ్మకాయ రంగు. చీకట్లో పెడితే చావదు కానీ ఆ మెరుపు పోతది, మరి ఎక్కువ డబ్బులు పెట్టి కొన్నది దేనికి?

మీ ఇంట్లో వెలుతురు ఎంతుందో ఇట్లా చూడండి. మధ్యాహ్నం లైట్లు ఆపేసి, మొక్క పెట్టాలనుకున్న చోట తెల్ల కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టండి. నీడ అంచులు స్పష్టంగా కనిపిస్తే ఏ రకమైనా సరే. మసకగా ఉంటే గోల్డెన్. నీడే పడకపోతే ఏదీ వద్దు. అట్లాగని బాల్కనీ ఎండలో పెట్టకండి, మన ఏప్రిల్, మే ఎండకు ఆకులు మాడిపోతయి.

ఇంకోటి, మనీ ప్లాంట్ అని ఫిలోడెండ్రాన్ కూడా అమ్ముతుంటరు. కొత్త ఆకు ఎట్లా వస్తుందో చూడండి. సన్నటి పొర చుట్టుకొని వచ్చి, ఆకు విచ్చుకున్నాక ఆ పొర ఎండి ఊడిపోతే అది ఫిలోడెండ్రాన్. అది కూడా మంచి మొక్కే, కానీ పేరు తెలిసి కొనండి.

పాకే పిల్లలున్న ఇంట్లో మాత్రం రెండూ కింద పెట్టొద్దు. వీటి ఆకుల్లో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటయి. నమిలితే నోరు మండుతది, నాలుక, పెదాలు వాస్తయి. పిల్లికి, కుక్కకు కూడా అంతే. తీగ కిందికి వేలాడి అందేంత పొడుగైతే కత్తిరించండి.

గాలి శుభ్రం చేస్తదని ఎక్కువ రేటు చెప్తే నమ్మకండి. 1989లో నాసా చేసిన ప్రయోగం మూసేసిన చిన్న గదుల్లో జరిగింది. మన ఇంట్లో ఆ ఫలితం రావాలంటే చదరపు మీటరుకు కనీసం 10 మొక్కలు పెట్టాలని 2019లో వచ్చిన ఒక సమీక్ష లెక్క తేల్చింది. ఇంక మంచం ఎక్కడ వేస్తరు?

అసలు గోల్డెన్ కొనాల్సిన పని కూడా లేదు. దొంగతనంగా తెస్తేనే బాగా పెరుగుతదంటరు గానీ, పక్కింటి ఆంటీని అడిగితే కాదనదు. కణుపు ఉన్న ముక్కే తీసుకోండి, ఉత్త ఆకు పెడితే తీగ రాదు. కణుపు నీళ్లలో మునగాలి, ఆకు మునగొద్దు. వారానికోసారి నీళ్లు మార్చండి. రెండు మూడు వారాల్లో తెల్లగా వేర్లు కనిపిస్తయి, అవి వేలంత పొడుగైనంక మట్టిలోకి మార్చుకోవచ్చు.