వారానికొక పుట

(తెలుగు భాషా దినోత్సవ సభలో హోసూరు ప్రాంతపు డిగ్రీ విద్యార్థిని చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన విషయం ‘నేటి విద్యార్థి – కొత్త నైపుణ్యాలు’. ఈ మాట వినగానే ఆంగ్ల సంభాషణ, కంప్యూటరు శిక్షణ, ఉద్యోగ పరీక్షలు మనసుకు తోచడం సహజం. వాటిని గూర్చి చెప్పగలవారు ఈ సభలో చాలామంది ఉన్నారు. గడచిన ఏడాది మా తరగతిలో నేను నేర్చిన కొత్త నైపుణ్యం తెలుగు వ్రాయడం. డిగ్రీ చదివే అమ్మాయి ఈ మాట అనడం కొందరికి వింతగా ఉండవచ్చు. హోసూరు, డెంకణికోట, కృష్ణగిరి వైపు నుండి వచ్చిన తల్లిదండ్రులకు మాత్రం ఇందులో వింత ఏమీ కనబడదు.

మా ఇంట్లో మూడు తరాలవారం ఒకే కప్పు క్రింద ఉన్నాము. ముగ్గురి నోటా తెలుగే. మా అవ్వ బడి మెట్లు ఎక్కలేదు. మా నాయన పదవ తరగతి దాకా తెలుగు మాధ్యమంలోనే చదివారు. నేను బడిలో చేరేనాటికి పరిస్థితి మారింది. 2006లో తమిళనాడు శాసనసభ చేసిన తమిళ అభ్యసన చట్టాన్ని 2006-07 విద్యాసంవత్సరంలో ఒకటవ తరగతితో మొదలుపెట్టి, ఏటా ఒక తరగతి చొప్పున పైకి తీసుకుపోయారు. 2015-16 నాటికి అది పదవ తరగతిని చేరింది. ఆ ఏర్పాటులో మొదటి భాగం తమిళం, రెండవ భాగం ఆంగ్లం, మూడవ భాగం గణితాది విషయాలు. ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లలకు మాతృభాష నాలుగవ భాగం, అదీ ఐచ్ఛికం. మినహాయింపు కోసం భాషా అల్పసంఖ్యాకులు న్యాయస్థానాల మెట్లెక్కిన కథ పెద్దలకు నాకన్న బాగా తెలుసు.

తమిళం చక్కగా నేర్చుకున్నాను. అందుకు నాకు సంతోషమే తప్ప చింత లేదు. ఆ భాషలో నాకు మంచి స్నేహితులున్నారు, ఇష్టమైన పుస్తకాలున్నాయి. కాని మా నాయన చదివే తెలుగు పత్రిక నా చేతికి వస్తే బొమ్మలు చూసి మడిచిపెట్టేదాన్ని. అక్షరాలు పోల్చుకోగలిగినా, వాక్యం పూర్తయ్యేసరికి దాని మొదలు మరచిపోయేదాన్ని.

బెంగుళూరులో డిగ్రీలో చేరినప్పుడు భాషా విషయంగా తెలుగు తీసుకున్నాను. తరగతిలో బాగేపల్లి వారు, ముళబాగిలు వారు, బళ్ళారి వారు ఉన్నారు. మా హోసూరు వైపు వారం నలుగురం. అందరమూ ఇంట్లో తెలుగు మాట్లాడేవారమే. తెలుగు బడిలో చదివినవారు మాత్రం వ్రేళ్ళ మీద లెక్కించదగినంత మంది.

మా అధ్యాపకురాలు తొలి వారంలోనే ఒక నియమం పెట్టారు. ప్రతి విద్యార్థీ వారానికొక పుట తెలుగులో వ్రాయాలి. దానిని కంప్యూటరు మీద తానే కూర్చి, అచ్చు తీసి, తరగతి గోడకు అంటించాలి. తక్కినవారు చదివి అంచున పెన్సిలుతో తమ మాట వ్రాయాలి. విషయం ఏదైనా కావచ్చు, పుస్తకంలోనిది ఎక్కించకూడదు. మార్కులు లేవు. పూర్వం ఊళ్ళలో, కళాశాలల్లో నడిచిన గోడపత్రికకు ఇది చెల్లెలని మా నాయన అన్నారు.

లిపి దగ్గర ఒక చిత్రం జరిగింది. కన్నడ బడులలో చదివిన మిత్రులు రెండు వారాల్లో తెలుగు లిపిని వశం చేసుకున్నారు. తెలుగు, కన్నడ లిపులు ఒక తల్లి బిడ్డలే గనుక తలకట్టు తీరూ, కొన్ని అక్షరాల వంపూ గుర్తిస్తే వారికి దారి దొరికిపోయింది. మా నలుగురి కష్టం వేరు. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. ప, బలకూ అంతే. గంపకూ కంపకూ ఉన్న భేదం మా నోటికి పుట్టుకతో తెలుసు, చేతికి తెలియదు. మాట్లాడేటప్పుడు తడబాటు లేకుండా పలికే మాటనే వ్రాయబోతే చెయ్యి ఆగిపోయేది.

కంప్యూటరు మీద తెలుగు కూర్చడానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఆంగ్ల అక్షరాలతో ఉచ్చారణ కొట్టి, యంత్రం చేత తెలుగు చేయించుకోవడం ఒకటి. భారతీయ లిపులకు ఉమ్మడిగా రూపొందించిన ఇన్‌స్క్రిప్ట్ మీటల అమరిక రెండవది. మా అధ్యాపకురాలు రెండవదాన్నే పట్టుకొమ్మన్నారు. మొదటి నెల ఒకటే విసుగు. ఎడమచేతి వైపు అచ్చులు, గుణింతపు గుర్తులు. కుడిచేతి వైపు హల్లులు. ‘అమ్మ’ అనాలంటే అ, మ, పొల్లు, మ అని వరుసగా కొట్టాలి. ఒత్తు అంటే అక్షరం క్రింద వ్రేలాడే బొమ్మ అనుకునేదాన్ని. ముందరి హల్లులోని అచ్చును తీసివేసి తరువాతి హల్లును చేరిస్తే అది పుడుతుందని అప్పుడు తెలిసింది. వ్యాకరణ పుస్తకంలో చదివి ఉంటే ఇంత త్వరగా పట్టుబడేది కాదేమో.

ఈ అమరికలో సరిహద్దువారికి మరింత అక్కరకు వచ్చే గుణం ఒకటుంది. తెలుగు ‘క’ ఏ మీట మీద ఉందో కన్నడ, తమిళ, ఒడియా ‘క’లు కూడ ఆ మీట మీదనే ఉంటాయి, మరాఠీ వ్రాసే దేవనాగరిలోనూ అంతే. బరంపురంలోని బిడ్డ తెలుగుకు వ్రేళ్ళు అలవాటు చేసుకుంటే ఒడియాకు ఆ అలవాటే చాలావరకు సరిపోతుంది. షోలాపూరు బిడ్డకు మరాఠీ విషయంలోనూ ఇంతే. రెండు మూడు భాషల మధ్య బ్రతకడం పిల్లలకు బరువని చెప్పేవారికి నేను ఈ మీటలపలకను చూపుతాను.

యూనికోడు పట్టికలోనూ ఈ చుట్టరికం కనబడుతుంది. ప్రపంచ భాషల అక్షరాలకు సంఖ్యలిచ్చే ఆ పట్టిక తొలి సంచిక 1991లో వెలువడింది. తెలుగు ‘క’ సంఖ్య 0సి15, కన్నడ ‘క’ 0సి95. ఒడియాకు 0బి15, తమిళానికి 0బి95, దేవనాగరికి 0915. తెలుగు వరుస ముగిసిన చోటనే కన్నడ వరుస మొదలవుతుంది, పలమనేరు దాటితే ముళబాగిలు దారి పట్టినట్లు. తమిళ వరుసలో ‘క’ తరువాత ఖ, గ, ఘలు ఉండవలసిన మూడు గదులు ఖాళీగా ఉన్నాయి. ఆ ఖాళీ చూసినప్పుడు నా చెయ్యి ఎక్కడ ఆగుతున్నదో నాకు అర్థమైంది.

ఆంగ్ల అక్షరాలలో తెలుగు వ్రాసుకుంటే చాలదా అని తోటివారు అడుగుతుంటారు. ఫోనులో మేమందరం వ్రాసేది అలాగే, దానిని నిందించను. లిపి తెలియని తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఊరూరా ఉన్నప్పుడు తెలుగులో ఒక కబురు చేరడానికి అదొక్కటే దారి. కాని మా మేనత్త కుప్పం నుండి అవ్వకు నొప్పి అని కబురు పంపింది. కె, ఎ, రెండు ఎల్‌లు, యు. కళ్ళ నొప్పా, కాళ్ళ నొప్పా? కల్లు కాదని మాత్రం మాకు నమ్మకం. చివరకు ఫోను చేసి కనుక్కున్నాము.

ఇక, ఏమి వ్రాయాలి? అక్షరాలు వచ్చినంత మాత్రాన మాటలు రావు. తొలి రెండు పుటలూ మేమందరం ‘మా ఊరు’, ‘మా పండుగ’ అని బడి వ్యాసాలు వ్రాసి అంటించాము. అంచున ఎవరూ ఏమీ వ్రాయలేదు. మూడవ వారం నేను ఇంటికి వెళ్ళి, మా అవ్వ చేత కపిలబావి గురించి చెప్పించి ఫోనులో పట్టుకున్నాను. పావుగంట మాటను కాగితం మీదికి ఎక్కించడానికి ఆదివారమంతా పట్టింది. బాన, తొండం, మోకు, గిలక. ఒక్కొక్క మాట దగ్గర ఆపి, వెనక్కి త్రిప్పి, మళ్ళీ వినాలి. “ఎడ్లు దిగువకు పోతే బాన పైకొస్తుంది, తొండంలో నుంచి నీళ్ళు కాలవలో పడతాయి; మా నాయన మోకు మీద కూచ్చుండి పాడతా ఉండె” అన్నది అవ్వ. విద్యుత్తు మోటార్లు వచ్చాక కపిలలు పోయాయి, వాటితోపాటే ఈ మాటలు వాడవలసిన పనీ పోయింది.

ఆ పుట అంచు నిండిపోయింది. బాగేపల్లి మిత్రుడు తమ వైపు కన్నడంలో ‘కపిలె’ అంటారని వ్రాశాడు. తమిళంలో ‘కవలై’ అంటారని నేను క్రింద చేర్చాను. ‘మోట’ అని పుస్తకాల్లో చదివినది ఇదేనా అని మరొకరు అడిగారు. ఎడ్లను బావి దగ్గరికి మళ్ళీ ఎలా తెస్తారని బళ్ళారి అమ్మాయి వేసిన ప్రశ్నకు జవాబు కోసం నేను మరుసటి వారం మళ్ళీ అవ్వ దగ్గరకు పోవలసి వచ్చింది. అడగడమూ ఒక నైపుణ్యమే. “కపిల గురించి చెప్పవ్వా” అంటే రెండు మాటల్లో ముగించే మనిషి, “మోకు తెగితే ఏం చేస్తిరి?” అని అడిగితే అరగంట చెప్పింది.

విన్న మాటను అక్షరంలో పెట్టడం ఎంత కష్టమో తెలిసిన తరువాత, ఈనాడు మనం ఎవరి జయంతి జరుపుకుంటున్నామో ఆ గిడుగు రామమూర్తి పంతులుగారి పని నాకు వేరుగా కనబడింది. వ్యావహారిక భాషా వాదిగా ఆయన అందరికీ తెలుసు. 1863లో పుట్టిన ఆయన, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉంటూ లిపిలేని సవర భాషను ఆ ప్రజల నోటి నుండే నేర్చుకొని, తెలుగు లిపిలో వ్రాసి, వారి పిల్లలకు వాచకాలు చేశారు. ఆయన సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడింది. 1936లో పర్లాకిమిడి ఒరిస్సా రాష్ట్రంలో చేరినప్పుడు ఆయన రాజమహేంద్రవరానికి తరలివచ్చారు. ఆయనా మనవంటి సరిహద్దు మనిషే. శబ్దం పట్టే యంత్రం చేతిలో లేని రోజుల్లో, పరాయి భాష మాటలను ఆయన చెవితోనే పట్టుకోవలసి వచ్చింది. నాకు ఫోను ఉంది, వినేది మా అవ్వ మాట.

తరగతిలో పెద్ద తగవు ‘ఉండాది’ దగ్గర వచ్చింది. అవ్వ అన్నట్లు ‘ఉండాది’, ‘ఎనుము’, ‘గెనుము’ అని వ్రాయాలా, పుస్తకంలో వలె ‘ఉంది’, ‘గేదె’, ‘గట్టు’ అని దిద్దాలా? సగంమంది దిద్దాలన్నారు. అలా వ్రాస్తే బయటివారు నవ్వుతారని వారి భయం. అధ్యాపకురాలు తీర్పు చెప్పకుండా మాకే వదిలారు. చివరకు మేము కుదుర్చుకున్నది ఇది: వ్రాసేవారి వాక్యం అందరికీ తెలిసిన తెలుగులో ఉండాలి, చెప్పినవారి మాటను ఒక్క అక్షరం మార్చకుండా కొటేషన్లలో పెట్టాలి. ఇది రాజీయే. దీనికన్న మంచి దారి పెద్దలెవరైనా చూపితే నేర్చుకుంటాము.

అన్నీ చక్కగా సాగాయని చెప్పలేను. కొందరు అయిదారు పుటలతో ఆపేశారు. విషయం చెబితే చాలు, యంత్రమే తెలుగులో వ్యాసం వ్రాసిచ్చే కాలమిది. అటువంటివి ఒకటి రెండు గోడ మీదికి వచ్చాయి. భాషలో లోపం లేదు. అంచున మాత్రం ఎవరూ పెన్సిలు పెట్టలేదు, అడగడానికి అందులో ఏమీ లేకపోయింది.

ఏడాదిలో నేను ముప్పై రెండు పుటలు వ్రాశాను. ఇప్పుడు మా నాయన పత్రిక నేనే ముందు చదువుతున్నాను. ఆయన చదివే వేగం నాకింకా రాలేదు.

తల్లిదండ్రులకు నాదొక మనవి. బడిలో తెలుగు రావలసిందే, దానికోసం ఉద్యమం చేయవలసిందే. అది వచ్చేదాకా మీ పిల్లల వయసు ఆగదు. యాభై ఆరు అక్షరాలను ఒకేసారి వారి నెత్తిన పెట్టకండి. వారానికొక పుట వ్రాయమనండి. ముఖ్యంగా, వ్రాసినదాన్ని మీరు చదివి అంచున ఒక ప్రశ్న వేయండి. చదివేవారు ఉన్నారని తెలిస్తేనే రెండవ పుట వస్తుంది.

ఈ దసరా సెలవులలో మా ఊళ్ళో, ఎనిమిది నుండి పది తరగతుల పిల్లలు పదిమందితో ఇటువంటి గోడపత్రిక మొదలుపెట్టదలచాము. రెండు పాత కంప్యూటర్లు దొరికాయి, గుడి ప్రక్కనున్న అరుగు గోడ ఇస్తామన్నారు. అచ్చు తీసే ప్రింటరు ఇంకా దొరకలేదు. ఎవరి ఇంట్లోనైనా వాడకుండా మూలనపడినది ఉంటే సభ ముగిశాక నాతో ఒక మాట చెప్పండి, నేను ఆ వెనుక వరుసలోనే కూర్చుని ఉంటాను. సెలవు.