చూసింది నర్సు, పేరు ఎవరిది?



నర్సింగ్ అంటే సేవ, ఇంజనీరింగ్ అంటే విజ్ఞానం అని మన సమాజం ఏనాడో పంచిపెట్టేసింది. సేవ ఆడవాళ్ళకి, విజ్ఞానం మగవాళ్ళకి. ఆ పంపకం వల్ల జీతాల్లో ఎంత తేడా వస్తుందో ఇక్కడున్న సిస్టర్లకి నేను చెప్పనక్కర్లేదు. దానివల్ల రోగులకి జరిగే నష్టం గురించి మాట్లాడాలని వచ్చాను.

ఇంగ్లండులో ఎసెక్స్ ప్రాంతంలోని రాచ్‌ఫర్డ్ జనరల్ ఆసుపత్రిలో, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డు సిస్టర్ జీన్ వార్డ్ చూసుకునేది. ఇంక్యుబేటర్ ఉక్కలో కంటే ఆరుబయట గాలీ ఎండా పిల్లలకి మేలని ఆమె నమ్మకం. కాస్త తేరుకున్న పసికందుల్ని ఆవరణలోకి తీసుకెళ్ళేది. 1956 వేసవిలో ఒకరోజు, రౌండ్లకి వచ్చిన డాక్టర్లకి జంకుతూనే ఒక బిడ్డని చూపించింది. ఒళ్ళంతా పాలిపోయి, ఒక్కచోట మాత్రం ముక్కోణంలా చిక్కటి పసుపు. అక్కడేం మందు పూశావని అడిగారు. ఏమీ పూయలేదు, దుప్పటి అంచు కప్పిన చోటు అది, తక్కిన ఒంటి మీదే పసుపు తగ్గిందని ఆమె చెప్పింది. వాళ్ళు విని ఊరుకున్నారు.

కొన్ని వారాల తర్వాత, కామెర్ల బిడ్డ నెత్తురున్న గాజు గొట్టం ఒకటి కిటికీ దగ్గర ఎండలో ఉండిపోయింది. పరీక్షిస్తే అందులో బిలిరుబిన్ అనుకున్న దానికంటే చాలా తక్కువగా వచ్చింది. అప్పుడు కదిలారు. బిడ్డ ఒంటి మీద కనిపించినప్పుడు అది నర్సు మాట, గొట్టంలో కనిపించాక శాస్త్రం! నీలి కాంతి దీపాలు అమర్చిన ఊయల తయారైంది. 1958లో లాన్సెట్ పత్రికలో వ్యాసం వచ్చింది. రచయితలు ముగ్గురు: క్రెమర్, పెరిమన్, రిచర్డ్స్. వార్డ్ పేరు వారిలో లేదు. ఆ డాక్టర్లే 1975లో ఈ కథంతా రాయబట్టి ఆమె మనకి తెలిసింది. బిలిరుబిన్ మెదడుకెక్కి పిల్లలు చనిపోకుండా, జీవితాంతం వైకల్యంతో మిగలకుండా ఇవాళ మన జిల్లా ఆసుపత్రుల్లో కాపాడుతున్నది ఆ నీలి కాంతే.

డెన్మార్క్‌లో ఇంకోలా జరిగింది. ఎలిస్ సోరెన్సెన్ నర్సు. చెల్లెలు థోరాకి పేగు క్యాన్సర్ ఆపరేషన్ చేసి, మలం పొట్టకి పెట్టిన దారిగుండా బయటికి వచ్చే ఏర్పాటు చేశారు. ఎక్కడ కారుతుందోనని ఆ అమ్మాయి గడప దాటడం మానేసింది. ఒంటికి అంటుకునే పట్టీతో, వాడి పారేసే పల్చటి ప్లాస్టిక్ సంచీ ఉంటే చాలునని 1954లో ఎలిస్‌కి తోచింది. ప్లాస్టిక్ సంచులు చేసే సివిల్ ఇంజనీరు లూయీ హాన్సెన్ మొదట కాదన్నాడు. ఆయన భార్య యోహానె కూడా నర్సే. ఆమె పట్టుబట్టి ఒప్పించింది. 1957లో కోలోప్లాస్ట్ కంపెనీ పుట్టింది అలాగే. ఆ ఇంట్లో నర్సు లేకపోతే ఏమయ్యేదో!

ప్రతి ఇంజనీరూ నర్సుని పెళ్ళాడేదాకా ఆగలేం కదా. ఆసుపత్రి పరికరాలు కొనే కమిటీల్లో వార్డు నర్సులకి చోటు ఉండాలి. బయోమెడికల్ ఇంజనీరింగ్ విద్యార్థులు నైట్ డ్యూటీలో సిస్టర్ల పక్కన నిలబడి చూడాలి. 1970 నాటి మన పేటెంట్ల చట్టంలో 28వ సెక్షన్ ఉంది. కనిపెట్టిన మనిషి పేటెంటు హక్కుదారు కాకపోయినా, ఆవిష్కర్తగా తన పేరు పేటెంటులో చేర్చమని కోరవచ్చు. దానివల్ల డబ్బు రాదు, కానీ పేరు చెరిగిపోదు. సంఘాల్లో పనిచేసే మనం ఈ సంగతి నర్సులకి చెప్పామా? నేనూ చెప్పలేదు.

ఆమధ్య ఒక ఆసుపత్రిలో, నీలి దీపం కింద పెట్టిన బిడ్డల కళ్ళగంతలు మాటిమాటికీ జారిపోతుంటే, ఒక సిస్టర్ మెత్తటి నూలు గుడ్డతో టోపీలా కుట్టి వాడుతున్నారు. జారడం లేదు. మీరే కనిపెట్టారా అన్నాను. "అబ్బే, ఏదో కుట్టానండీ" అన్నారు. కొత్త దీపాలు కొనేటప్పుడు మిమ్మల్ని అడిగారా అంటే, "వచ్చాక స్టాకు రిజిస్టర్లో సంతకం పెట్టమన్నారు" అన్నారు.

ఈ సభలో మీ పేరు చెప్పనా అని అడిగాను. ఎవర్నడిగి కుట్టావంటారు, వద్దన్నారు.