కరెంటు వచ్చే వేళ



మా అర్థశాస్త్రం మాస్టారి పేరు మీద జరిగే ఈ సభలో విద్యుత్ మార్కెట్ల చరిత్ర చెప్పమన్నారు. ఆయన మాకు గిరాకీ, సరఫరా పాఠాలు చెప్పింది గుంటూరు మిర్చి యార్డును చూపించే. బోర్డు మీద గీత గీసేముందు "నిన్న కాయ ఎంత పలికిందిరా?" అని అడిగేవారు. రేటు తెలియనివాడికి ఆ పూట అర్థశాస్త్రం ఎక్కదని ఆయన నమ్మకం. నేనూ యార్డు దగ్గరే మొదలుపెడతాను.

యార్డులో ఏ లాటు రేటు ఆ లాటుదే. రంగు, తేమ, తాలు చూసి వ్యాపారి ధర కడతాడు. కరెంటు వేలం అలా కాదు. మన దేశంలో 2008 జూన్‌లో ఇండియన్ ఎనర్జీ ఎక్స్ఛేంజి మొదలైంది. అక్కడ రేపటి కరెంటును ఇవాళే వేలం వేస్తారు. రోజును పావుగంట చొప్పున 96 ముక్కలు చేస్తారు. ఒక ముక్కలో కొన్నవాళ్లందరికీ, అమ్మినవాళ్లందరికీ ఒకటే రేటు. గిరాకీ తీరడానికి ఆఖరున ఏ ఖరీదైన యూనిట్ అవసరమైందో, దాని ధరే అందరి ధర. కరెంటులో తాలు లేదు, మిర్చిలోలా తేజ, బాడిగ రకాలూ లేవు. ఉన్న తేడా వేళలోనే.

ఇంకో తేడా ఉంది. రేటు బాగాలేకపోతే టిక్కీలను, అంటే మిర్చి బస్తాలను, కోల్డ్ స్టోరేజీకి తోలి, ఏసీ సరుకుగా నాలుగు నెలలు ఆగి అమ్ముకోవచ్చు. కరెంటుకు ఇన్నాళ్లూ ఏసీ లేదు. పుట్టిన క్షణంలోనే వాడుకోవాలి. అందుకే రేటు ఎంత అనేదానికన్నా ఏ వేళకు, ఎవరికి అనే ప్రశ్నే ఈ చరిత్రను నడిపిందని నా వాదన.

1959లో రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడింది. 1967లో నాగార్జునసాగర్ కుడి కాలువకు నీళ్లు వదిలారు. కాలువ అందినచోట వరి లేచింది. అందని మెట్టల్లో, ప్రకాశం జిల్లా పడమటి మండలాల్లో బావులు, ఆపైన బోర్లు వచ్చాయి. మోటారు మీటరును 1980ల మొదట్లో పక్కన పెట్టి, హార్స్‌పవర్‌కు ఇంత అని శ్లాబు పెట్టారు. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం వచ్చాక అది ఏడాదికి హార్స్‌పవర్‌కు 50 రూపాయలైంది. రైతు దాన్ని మేలుగానే తీసుకున్నాడు, మేలే. కానీ ఆ రోజు నుంచి ఇంకో యూనిట్ వాడితే పడే అదనపు ఖర్చు సున్నా. బిల్లు మోటారు పలక మీది అంకెను బట్టి వచ్చేది కాబట్టి పలకలు చిక్కిపోయాయి: ఐదు హార్స్‌పవర్ మోటారు మూడని చెప్పుకునేది.

మీటరు పోవడంతో ఇంకొకటి కూడా పోయింది. పొలానికి ఎంత వెళ్లిందో ఎవరికీ తెలియదు. లైన్లలో కారిపోయినదీ, దొంగతనానికి పోయినదీ అన్నీ "వ్యవసాయం" ఖాతాలో సర్దేశారు. 1990లలో సంస్కరణల పేరిట లెక్క మళ్లీ చూసినప్పుడు రైతు వాటా తగ్గింది, నష్టాల వాటా పెరిగింది. రైతు తాగని కల్లుకు పద్దు రాశారన్నమాట.

ధర లేనిచోట రేషన్ గంటలతో జరిగింది. త్రీ ఫేజ్ కొన్ని గంటలే, అదీ విడతలుగా, చాలాసార్లు నడిరాత్రి. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియక అందరూ స్టార్టరుకు ఆటోమేటిక్ పెట్టుకున్నారు. సబ్‌స్టేషన్‌లో స్విచ్ వేయగానే ఫీడరు మీది మోటార్లన్నీ ఒక్కసారే మూలిగేవి. వోల్టేజి దిగేది, కాయిల్ వేడెక్కేది. అద్దంకి వైపు మా మేనమామ ఊళ్లో వేసవి అంటే నాకు గుర్తొచ్చేది మామిడి పండ్లు కాదు, కాలిన వార్నిష్ వాసన. వైండింగ్ షాపు ముందు ఎండలో మోటార్లు వరుసగా ఉండేవి. లోపల నేల మీద కూర్చున్న కుర్రవాడు నల్లబడ్డ రాగి తీగను పట్టకారుతో పీకి, కొత్త తీగ చుట్టలను గాళ్లలోకి ఒక్కొక్కటే ఒత్తేవాడు. మామయ్య గోడకానుకుని, "కరెంటు చౌకేరా అబ్బాయ్, వేలు పెట్టేది ఈ తీగెకే" అనేవాడు. ట్రాన్స్‌ఫార్మర్ కాలితే చందాలు వేసుకుని, ట్రాక్టరు మీద తోలుకెళ్లేవాళ్లు.

మామయ్య మాటనే ప్రపంచ బ్యాంకు 2001లో హర్యానా, ఆంధ్రప్రదేశ్ రైతులను సర్వే చేసి అంకెల్లో రాసింది: నాసి సరఫరాకు రైతు చెల్లిస్తున్నాడు, బిల్లులో కాదు, మోటారు రిపేర్లలో. ఆ బ్యాంకు అప్పుతోనే సంస్కరణ కూడా వచ్చింది. 1998 చట్టంతో బోర్డు ఉత్పత్తికి జెన్‌కో, ప్రసారానికి ట్రాన్స్‌కోగా విడిపోయింది. 1999లో నియంత్రణ మండలి, 2000లో పంపిణీకి డిస్కంలు వచ్చాయి. చార్జీల పెంపు మీద ఆగ్రహం రోడ్డెక్కింది. 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. 2004 మే 14న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి తొలి సంతకం ఉచిత విద్యుత్ మీద పెట్టారు. ఆ తరవాత ఇక్కడ ఏ పార్టీ కూడా ఆ సంతకాన్ని చెరిపే మాట ఎత్తలేదు.

అర్థశాస్త్రవేత్తలు ఉచిత విద్యుత్‌ను తప్పనే అంటారని మీరు అనుకోవచ్చు. అంత సులువు కాదు. నికొలస్ రయాన్, అనంత్ సుదర్శన్ రాజస్థాన్ రైతుల మీద చేసి 2022లో అచ్చువేసిన పరిశోధన చూడండి. గంటల రేషన్ భూగర్భజలం వాడకాన్ని మొత్తం మీద సుమారుగా ఉండాల్సినచోటే ఆపుతోంది. ఎవరికి ఎక్కువ పనికొస్తుందో వారికి చేర్చడంలోనే అది విఫలం. ధర పెడితే మొత్తం లాభం పెరుగుతుంది, కానీ ఆ లాభం అందరి గడపా తొక్కదు. మాస్టారు ఈ వ్యాసం చదివి ఉంటే "చూశావా, రైతు నీకన్నా ముందే లెక్కేశాడు" అనేవారు.

పొలం ఉచితమైతే భారం ఎవరిది? కొంత ఖజానాది, కొంత చిలకలూరిపేట, గుంటూరు స్పిన్నింగు మిల్లులది. పరిశ్రమ అసలు ఖర్చుకన్నా ఎక్కువ కట్టాలి. కొరత వచ్చినప్పుడు మొదట ఆగేదీ అదే. 2022 ఏప్రిల్‌లో వారానికి ఒకరోజు అదనపు పవర్ హాలిడే పెట్టి, నిరంతరం నడిచే పరిశ్రమలను సగం లోడుకు దింపారు. ఆ రోజుల్లోనే ఎక్స్ఛేంజిలో యూనిట్‌కు 12 రూపాయల గరిష్ఠ పరిమితి పెట్టాల్సి వచ్చింది.

ఇక గాలి, ఎండ. 2010లలో రాష్ట్రం 25 ఏళ్ల ఒప్పందాలు చేసుకుంది. పవన విద్యుత్‌కు 4 రూపాయల 84 పైసల దాకా ఇచ్చింది. తరవాత సోలారు ధరలు పడిపోయాయి. 2019 జులైలో ప్రభుత్వం పాత ఒప్పందాలను తిరగతోడటానికి కమిటీ వేసింది. కోర్టులో నడిచి నడిచి, 2022 మార్చి 15న హైకోర్టు ఒప్పందం ధరే ఇమ్మంది. ప్రభుత్వం కోపం నాకు అర్థమవుతుంది. కానీ వేలంలో పాట పాడినవాడు మర్నాడు రేటు దిగిందని మాట తప్పితే యార్డులో అతని పాట మళ్లీ ఎవరు నమ్ముతారు? ఆ అపనమ్మకాన్ని తరవాతి ఒప్పందంలో వడ్డీగా కలుపుకుంటారు.

నాకు ఆసక్తి కలిగించేది 2021 డిసెంబరు ఒప్పందంలోని ఒక సంగతి. కేంద్ర సోలారు సంస్థ సెకీ నుంచి 7,000 మెగావాట్ల సోలారు, యూనిట్ 2 రూపాయల 49 పైసలు, పగటి తొమ్మిది గంటల వ్యవసాయ సరఫరా కోసం. ఆ ఒప్పందం చుట్టూ రేగిన వివాదం ఈ సభ తేల్చేది కాదు. వేళను మాత్రం చూడండి. రాత్రి కరెంటు మిగిలిన కాలంలో రైతు రాత్రి లేచాడు. పగలు మిగులుతున్న కాలంలో రైతు పగలు నీళ్లు కడుతున్నాడు. మధ్యాహ్నం ఎండకు పుట్టిన కరెంటును బోరు మింగి చేలో తడిగా దాస్తోంది. ఇన్నాళ్లూ వ్యవస్థకు బరువని తిట్టించుకున్న మోటారు ఇప్పుడు దానికి ఏసీ.

కోల్డ్ స్టోరేజీకి ఆ వెసులుబాటు తక్కువ, రాత్రి కూడా చల్లగా ఉండాలి. పొద్దుగూకి, ఇళ్లలో దీపాలు వెలిగే వేళకు సోలారు సున్నా, ఎక్స్ఛేంజి రేటు పైకి. ఆ వేళకు దాచే చోటు మన ముంగిట్లోనే ఉంది. సాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రంలోని ఏడు యూనిట్లు తిరగబడి నీటిని పైకి తోడగలవు. కింద నీరు నిలవడానికి సత్రశాల దగ్గర టెయిల్‌పాండ్ కావాలి, అది కొన్ని దశాబ్దాలు ఆలస్యంగా వచ్చింది. వచ్చేసరికి రాష్ట్రం రెండైంది. యంత్రాలు తెలంగాణవి, చెరువు మనది.

అయినా ఉన్న కాస్త వెసులుబాటును వాడుకునేవాళ్లు ఉన్నారు. నిరుడు ఒక కోల్డ్ స్టోరేజీ మేనేజరు నన్ను లోపలికి తీసుకెళ్లాడు. అంతస్తుల నిండా టిక్కీలు, కళ్లు మండే ఘాటు, గోడ మీద ఉష్ణోగ్రత చూపే అంకెలు. మధ్యాహ్నం మూడున్నరకు కంప్రెసర్లు పూర్తిగా నడుస్తున్నాయి. "ఇప్పుడే ఇంకో డిగ్రీ లాగేస్తామండీ, ఆరింటికి ఆపి తలుపులు తియ్యం" అన్నాడు. అర్థశాస్త్రం చదివారా అని అడిగాను. లేదండీ, బిల్లు చదివానన్నాడు.