దొంగ ఉత్తరం వస్తే ఎవరికి చెప్పాలి?

(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కూచిపూడికీ భోజనాలకీ నడుమ మమ్మల్ని నిలబెట్టిన కార్యవర్గంవారి ధైర్యాన్ని మెచ్చుకోవాలి. మాకిచ్చిన విషయం రసహీనమే గాని, అవసరమైనది: మన ఇళ్లకు వస్తున్న మోసపు ఈమెయిళ్లు.

వీసా, గ్రీన్ కార్డు, ఆదాయపు పన్ను. వీటి పేరు చెప్పి ఏ ఉత్తరం వచ్చినా మన గుండె ఝల్లుమంటుంది. పౌరసత్వం వచ్చి ముప్పై ఏళ్లయినా ఆ జంకు పోదు. మోసగాడికి పెట్టుబడి అదే. 2016 అక్టోబరులో అమెరికా న్యాయశాఖ ఒక పెద్ద కేసు బయటపెట్టింది. అహమ్మదాబాదు కాల్ సెంటర్లలో కూర్చున్నవారు పన్నుల శాఖ అధికారులమనీ, ఇమ్మిగ్రేషన్ వారమనీ ఫోన్లు చేసి, అరెస్టు చేయిస్తాము, దేశం నుంచి పంపించేస్తాము అని బెదిరించి వేలాదిమంది దగ్గర సొమ్ము గుంజారు. ఈ దేశంలో ఉండి వారికి తోడ్పడిన 21 మందికి 2018 జూలై నాటికి శిక్షలు పడ్డాయి. కొందరికి ఇరవై ఏళ్ల దాకా. వారు మనదేశంవారని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, అయినా దాచి లాభమేమిటి? ఆనాడు ఫోనులో వచ్చిన బెదిరింపే నేడు ఈమెయిలులో వస్తున్నది.

సిగ్గు సంగతి ఎత్తాము గనుక అసలు మాట చెబుతాము. మోసపోయిన తెలుగువాడు ముందుగా చేసే పని నోరు మూసుకోవడం. "నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారు? ఇంత చదువుకుని ఇదేమిటంటారు" అని భార్యకు కూడా చెప్పడు. 2024లో ఎఫ్.బి.ఐ. ఇంటర్నెట్ నేరాల ఫిర్యాదు కేంద్రానికి 8,59,532 ఫిర్యాదులు అందాయి. నష్టం 1,660 కోట్ల డాలర్లు. అందులో అరవై దాటినవారు పోగొట్టుకున్నదే 480 కోట్లకు పైగా. ఇంతమందిలో మనమూ ఒకరమైతే తలవంపులేముంది?

ఆలస్యమే అసలు నష్టం. సొమ్ము పంపినట్లయితే ఆ గంటలోనే బ్యాంకుకు ఫోను చేసి ఆపమనండి. వెంటనే ఐ.సి.3 డాట్ గవ్‌లో ఫిర్యాదు రాయండి. బ్యాంకులతో మాట్లాడి సొమ్మును స్తంభింపజేయించే బృందం ఒకటి అక్కడ 2018 నుంచి పనిచేస్తున్నది. రెండు మూడు రోజులు గడిస్తే సొమ్ము చేతులు మారిపోతుంది. గిఫ్టు కార్డు అంకెలు చెప్పి ఉంటే కార్డునూ రసీదునూ పారేయకుండా ఆ కార్డు కంపెనీకి తెలపండి.

సొమ్ము పోకపోయినా చెప్పాలి. పన్నుల శాఖ ముందుగా ఈమెయిలు పంపి డబ్బు అడగదు. ఆ పేరుతో వచ్చినదాన్ని దేన్నీ నొక్కకుండా ఫిషింగ్ ఎట్ ఐ.ఆర్.ఎస్. డాట్ గవ్‌కు పంపి, తరువాత తుడిచేయండి. ఫోను సందేశమైతే 7726కు పంపండి. ఇండియాలో ఉన్న అమ్మానాన్నలకు జరిగితే అక్కడి నంబరు 1930. వారి ఫోను పక్కన రాసిపెట్టించండి.

పిల్లలూ, తాతగారు ఫోను చాపి "ఇది కాస్త చూడమ్మా" అంటే విసుక్కోకండి. ఒకసారి విసుక్కుంటే రెండోసారి ఆయన అడగరు.

భోజనాలయ్యాక గుమ్మం పక్క బల్ల దగ్గర మేము కూర్చుంటాము. అనుమానమున్న ఉత్తరం తెచ్చి చూపించండి, కలిసి ఫిర్యాదు రాద్దాము. ఎంత పోయిందని మాత్రం మేము అడగము.