‘వెళ్ళాడు లేదు’ అని ఎవరైనా అంటామా?

(సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

నన్ను ఇంజనీరింగ్ అనుభవాల గురించి మాట్లాడమన్నారు. పంపుల గురించి పావుగంట మాట్లాడితే భోజనాల దగ్గర నా పక్కన ఎవరూ కూర్చోరు. అందుకని కార్యదర్శిగారిని అడిగి అంశం మార్చుకున్నాను. వచ్చే జూన్ నుంచి మన బడి గదుల్లో సాయంత్రాలు తెలుగు మీడియం పిల్లలకు ఇంగ్లీషు చెప్పాలని సంఘం అనుకుంటోంది కదా. మొన్న కమిటీలో ఒక మిత్రుడు ‘గ్రామర్ జోలికి పోవద్దు, మాట్లాడిస్తే చాలు’ అన్నాడు. ఆ మాటతో నాకు పేచీ ఉంది.

అమీర్‌పేటలో మళ్ళీ ఇంకో ఇంగ్లీషు క్లాసా అని మీరు నవ్వుకోవచ్చు. మైత్రీవనం దగ్గర నిలబడి తల ఎత్తితే ఆకాశం కన్నా బోర్డులే ఎక్కువ కనిపిస్తాయి. శ్రీకాకుళం నుంచో ఖమ్మం నుంచో బస్సు దిగి, హాస్టల్లో ఒక మంచం అద్దెకు తీసుకుని, పొద్దున జావా, సాయంత్రం స్పోకెన్ ఇంగ్లీషు నేర్చుకునే పిల్లల్ని మనం రోజూ చూస్తూనే ఉన్నాం. 1993లో నేనూ అలాంటి ఒక గదిలో కూర్చున్నవాణ్ణే. ఇల్లు పక్కనే కాబట్టి మంచం అద్దె మాత్రం మిగిలింది.

ఎందుకు చేరానో చెబుతాను. అప్పటికి ఉద్యోగంలో చేరి ఏడాది. ఒకరోజు మీటింగులో పై అధికారి, నిన్న సైటుకి వెళ్ళావా అని ఇంగ్లీషులో అడిగాడు. ‘ఐ డిడ్ నాట్ వెంట్ సర్’ అన్నాను. గది గొల్లుమంది. ఆ తర్వాత కొన్నాళ్ళు ఆఫీసులో నా పేరే ‘డిడ్‌నాట్‌వెంట్’. అది పెద్ద విషయం కాదు, కుర్రతనంలో ఎవరికైనా ఏదో ఒక పేరు పడుతుంది. తర్వాత జరిగింది పెద్ద విషయం. ఒక పంపుకి సక్షన్ పైపు వ్యాసం చాలదని నా లెక్కలో తేలింది. మీటింగులో డ్రాయింగు నా ముందుకే వచ్చింది. నేను నోరు విప్పలేదు. ఇంగ్లీషు బొత్తిగా రాక కాదు, తప్పు వస్తుందేమోనని. ఆరు నెలలకు ఆ పంపు విప్పి చూస్తే ఇంపెల్లర్ నిండా చెదలు తిన్నట్టు గుంటలు. ఆ ఇంపెల్లర్ ఇప్పటికీ నా కళ్ళలో మెదులుతుంది. నా లెక్క సంగతి అప్పుడూ ఎవరికీ చెప్పలేదు. ఇవాళే చెప్పడం.

ఆ కోచింగ్ గదిలో గోడకు పన్నెండు టెన్సుల చార్టు వేలాడేది. మూడు వారాల్లో విష్ణు సహస్రనామంలా అప్పజెప్పగలిగాను. మాట్లాడటం మాత్రం రాలేదు. ఒకరాత్రి క్లాసు అయ్యాక సత్యం థియేటర్ పక్కనుంచి నడిచి వస్తుంటే ఎనిమిదో తరగతి గుర్తొచ్చింది. ఇదిగో, ముందు వరుసలో కూర్చున్నారే, మా ఇంగ్లీషు మాస్టారు, ఆయన బోర్డు మీద ఎప్పుడూ ముందు తెలుగు వాక్యం రాసేవారు. దాని కింద ఇంగ్లీషు. ఒకసారి ‘అతను వెళ్ళలేదు’ అని రాసి, ‘వెళ్ళాడు లేదు అని ఎవరైనా అంటారట్రా?’ అని అడిగారు. అందరం నవ్వాం. ‘జరిగిపోయిందన్న సంగతి “లేదు” మోస్తోంది. అందుకే “వెళ్ళ” ఖాళీ చేతులతో వచ్చింది. ఇంగ్లీషులో ఆ మూట “డిడ్” మోస్తుంది. ఇక వెంట్ దేనికి, గో చాలు’ అన్నారు. మాస్టారూ, ఆరోజు నేను డెస్కు కింద చందమామ చదువుతున్నాను. సగమే విన్నాను. ఆ సగమే పదేళ్ళకు ఆదుకుంది.

గ్రామర్ అంటే నా ఉద్దేశం అదీ. చార్టు కాదు. మన భాషకు, ఆ భాషకు మధ్య గోడ ఎక్కడుందో, తలుపు ఎక్కడుందో చూపించడం.

ఈ సంగతి నాకు పూర్తిగా అర్థమైంది మాత్రం చాలా దూరంలో. 2004లో పని మీద మెక్సికోలో మాంటెరే నగరంలో ఎనిమిది నెలలు ఉన్నాను. అక్కడి మెకానిక్కులది స్పానిష్. మాన్యువళ్ళన్నీ ఇంగ్లీషు. సాయంత్రాలు ఇంగ్లీషు చెప్పమని నన్ను అడిగారు. డిడ్‌నాట్‌వెంట్‌గారు ఇంగ్లీషు మాస్టారయ్యారు! మొదటి వారంలోనే ఒక తమాషా కనిపెట్టాను. ‘అతను ఇంజనీరు’ అనే మాటకి మన పిల్లవాడు ‘హీ ఇంజనీర్’ అంటాడు. తెలుగులో ‘ఈజ్’కి చోటు లేదు కాబట్టి. వాళ్ళు ‘ఈజ్ ఇంజనీర్’ అనేవారు. స్పానిష్‌లో ‘ఎస్ ఇన్‌హెనియెరో’ అంటే చాలు, ‘అతను’ అని వేరే చెప్పక్కర్లేదు. వాళ్ళు వదిలేసింది మన దగ్గరుంది, మనం వదిలేసింది వాళ్ళ దగ్గరుంది. మధ్యలో ఉండాల్సిన ‘యాన్’ మాత్రం ఇద్దరం మింగేశాం.

వాన పడితే మరీ చిక్కు. స్పానిష్‌లో ఒక్క క్రియాపదంతో వాక్యం అయిపోతుంది. మనకి పడేది వాన. మరి ‘ఇట్ ఈజ్ రెయినింగ్’లో ఈ ‘ఇట్’ ఎవరు? అక్కడ ఒకాయన నన్ను నిలదీశాడు. ‘ఎవరూ కాదు, ఇంగ్లీషు వాక్యంలో మొదటి కుర్చీ ఖాళీగా ఉంచకూడదు, మనిషి లేకపోతే బొమ్మనైనా కూర్చోబెట్టాలి’ అన్నాను. ఆ తర్వాత ఆయన ‘ఇట్’ మర్చిపోలేదు.

ఇంకొక చోట ఆ భాష మన వీధి చివర ఇల్లులా అనిపించింది. ‘నాకు కాఫీ నచ్చుతుంది’ అనడానికి వాళ్ళు ‘మె గుస్తా ఎల్ కఫె’ అంటారు. ‘మె’ అంటే ‘నాకు’. క్రియ కాఫీ వెంట పోతుంది, నా వెంట రాదు, అచ్చం మనలాగే. ఇంగ్లీషువాడికి మాత్రం ‘ఐ’ ముందు కూర్చుని కాఫీని ఇష్టపడాలి. నచ్చడం అతనికి ఒక పని, మనకి అది జరిగే సంగతి. మన పిల్లలు ‘నాకు’తో మొదలయ్యే వాక్యాల దగ్గర ఎందుకు తడబడతారో ఆరోజు తెలిసింది.

కమిటీ మిత్రుడికి నేను చెప్పేది ఇదే. మాట్లాడించడం ఎలాగూ చేద్దాం. కానీ తప్పు చేసిన పిల్లవాడికి ‘అది తప్పు’ అని మాత్రం చెప్పి వదిలేస్తే, వాడు మళ్ళీ నోరు తెరవడు. ‘నువ్వు చెప్పింది తెలుగులో ఒప్పే, ఇంగ్లీషులో ఈ ఒక్క మాట ఎక్కువ కావాలి’ అని చూపిస్తే మర్నాడు మళ్ళీ మాట్లాడతాడు. అందుకు చెప్పేవాళ్ళకి ఇంగ్లీషు కన్నా తెలుగు బాగా రావాలి. ఈ సభలో అలాంటివాళ్ళకు కొదవ లేదు. ‘నాకు ఇంగ్లీషు అంతంతమాత్రం’ అని తప్పించుకోవద్దని మనవి.

మంగళ, గురువారాలు సాయంత్రం ఆరింటికి నేను వస్తాను. ఎనిమిదో తరగతి గదే ఇప్పించండి. మాస్టారు కూడా అప్పుడప్పుడు వచ్చి కూర్చుంటానన్నారు. ఈసారి చందమామ తీసుకురాను.